ఆకులమ్మ అంటించిన ఆఖరి కాగితం

కాలేజీలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆకులమ్మే. బోటనీ విభాగంలో వెనక గది ఆమెది. కొండలమ్మట, గట్లమ్మట తిరిగి ప్రొఫెసరు పీకి తెచ్చిన మొక్కల్ని కాగితాల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ బిగించి ఆరబెట్టడం ఆమె పని. పచ్చి ఆకు చెమ్మంతా కాగితం పీలుస్తుంది. రోజూ ఆ తడి కాగితాలు తీసేసి పొడివి పెట్టాలి. ఒక్కరోజు ఏమరితే బూజే. ఆరాక మొక్కను అట్టకి అంటించి, కాడని నాలుగుచోట్ల తెల్లదారంతో కుట్టి, కింద మూలన చీటీ అతికించాలి: మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు. ఆ చివరి గీత మీద ఎప్పుడూ ప్రొఫెసరు సంతకమే. కుట్టిన చేతికి ఆ చీటీలో చోటు లేదు.

అలా పదకొండేళ్ళు. చేరేనాటికి ఆమె చదువు ఇంటరుతో ఆగిపోయింది. ఒకరోజు ఒక ఆకుని వెలుతురుకి పట్టి, "ఇది మీరు రాసిన మొక్క కాదేమో మాస్టారూ, దీని ఈనెలు వేరుగా ఉన్నాయి" అంది. ఆయన అద్దాలు సర్దుకుని చూశాడు. తప్పు ఆయనదే.

"నువ్వు డిగ్రీ చెయ్యమ్మా. ఆపైన మా పీజీలో సీటు నీదే. పూచీ నాది" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఏడేళ్ళు ఈదింది పిచ్చిది. పగలు ఉద్యోగం, సాయంత్రం కాలేజీ. కెమిస్ట్రీ రెండుసార్లు తన్నింది, మూడోసారి గట్టెక్కింది. ఇంట్లో పొయ్యి దగ్గర అత్తగారు నిలబడింది. ఆవిడ నోరు కత్తెర, చెయ్యి మాత్రం మెత్తన.

"సీటు నీదే అన్నాడు, సంబరమే. కాగితమ్మీద రాసిచ్చాడా?"

"మాస్టారు అలాంటి మనిషి కాదత్తయ్యా."

"ఎవడూ అలాంటి మనిషి కాదే, అవసరం తీరేదాకా!" అని మూతి తిప్పి, పరీక్షకి కోడలు కట్టుకెళ్ళే బట్టలు తనే ఇస్త్రీ చేసేది.

ఈ ఏడు జనవరిలో ప్రొఫెసరుకి ఉన్నట్టుండి తొందర పట్టుకుంది. "బీరువాల్లో మిగిలినవన్నీ జూన్ లోగా అంటించెయ్యాలమ్మా. రేపు నువ్వు విద్యార్థినివయ్యాక నీచేత ఈ పని ఎలా చేయిస్తాను?" అన్నాడు. ఆ మాటకి ఉబ్బిపోయి ఆదివారాలు కూడా వచ్చింది. నాలుగువందల అట్టలు కుట్టింది. బొటనవేలు జల్లెడైంది.

జూన్‌లో పట్టా చేతికొచ్చింది. మర్నాడే దరఖాస్తు నింపుకుని ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. గుమాస్తా తలెత్తలేదు.

"ఈ ఏడాది నుంచి ఆ కోర్సుకి దరఖాస్తులు తీసుకోవడం లేదక్కా."

"పొద్దున్నే వేళాకోళమా తమ్ముడూ?"

"బోర్డు చూసుకో. ఇప్పుడే అంటించొచ్చాను."

నిజమే. రెండంటే రెండు వరుసలు. జిగురింకా ఆరలేదు, మూలలు లేచిపోతున్నాయి. ఆమె చెయ్యి అలవాటుకొద్దీ ఆ మూలల్ని అదిమి సరిచేసింది. తర్వాత గానీ ఆ రెండు వరుసలు మళ్ళీ చదవలేదు.

ప్రొఫెసరు దగ్గరికి పరుగెత్తింది. "నాకూ నిన్ననే తెలిసిందమ్మా. పైవాళ్ళు గొంతు కోశారు, నేనేం చెయ్యను?" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చూడలేక, తన ఏడుపు మింగి, ఆయనకే మంచినీళ్ళు తెచ్చిచ్చింది! తాగి గ్లాసు దింపుతూ, "ఆ చివరి కట్ట మాత్రం ఈ వారంలో అయిపోవాలి సుమా" అన్నాడాయన.

మొక్కల కింద వేసేందుకు కొత్త కాగితాలు దండగని, ఆఫీసు చిత్తుకాగితాలు వాడమన్నది ఆయనే. మర్నాడు తడివి తీసి పొడివి వేస్తుంటే ఒక కాగితం ఆమె చేతిలో ఆగిపోయింది. జనవరి పన్నెండు నాటి కాలేజీ తీర్మానం. పీజీలో కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపాలి. మొక్కల అట్టలన్నీ జూన్ ఆఖరుకి సిద్ధం చేసి వేరే సంస్థకి తరలించాలి. వాటితోపాటు అక్కడికి అధిపతిగా వెళ్ళేదీ, ఈ ప్రతిపాదన పెట్టిందీ ప్రొఫెసరే. కింద సంతకం, వేల చీటీల మీద తను చెరగకుండా కాపాడిన అదే సంతకం. ఫిబ్రవరిలో ఇదే మనిషి, "బాగా రాయమ్మా, సీటు నీకోసం కాసుకుని ఉంది" అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. ఈయన అగ్గిపెట్టె జేబులో వేసుకునే తెప్ప ఎక్కాడు.

ఆమె ఏడవలేదు. కొత్త అట్ట తీసింది. ఆ కాగితాన్ని ముడత లేకుండా అంటించి, నాలుగు మూలలా తెల్లదారంతో కుట్టి, చీటీ రాసింది. దొరికిన చోటు: చిత్తుబుట్ట. తేదీ: జనవరి పన్నెండు. సేకరించినవారు: పదకొండేళ్ళలో మొదటిసారి తన సొంత పేరు, ఇంటిపేరుతో సహా. మొక్క పేరు దగ్గర ఖాళీ వదిలేసింది. ఆ పేరు పెట్టేంత చదువు తనని చదవనివ్వలేదుగా!

ప్రొఫెసరు అట్ట అందుకుని ముందు దారం చూశాడు. "కుట్టు భలే కుదిరింద..." అని ఆగిపోయాడు. అట్ట బోర్లించి, "నీ మంచికే చెప్పలేదమ్మా. చెబితే చదువు మధ్యలో వదిలేసేదానివి" అన్నాడు.

"చదువు వదిలేదాన్ని కాదు మాస్టారూ. ఆదివారాలు వదిలేదాన్ని."

బీరువా తాళాలు బల్లమీద పెట్టి వచ్చేసింది. ఇంటి గుమ్మంలో అత్తగారు మొహం చూసి అడిగింది, "ఏమైందే?"

"రాసిచ్చారత్తయ్యా, కాగితమ్మీదే." అత్తగారు దెప్పలేదు. ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

రెండ్రోజులకి అటెండరు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, ఆ కట్టకి బూజు పడుతోంది. మాస్టారు ఒక్కసారి వచ్చి పొమ్మంటున్నారు."

"ఈ ఏడాది నుంచి మేమూ దరఖాస్తులు తీసుకోవడం లేదని చెప్పరా!" అని లోపల్నుంచి అత్తగారు.

ఆకులమ్మ నవ్వలేదు. తలుపు వెయ్యబోతూ, ఉండబట్టలేక అడిగింది, "పైన పెట్టిన సన్నాకులకా పట్టింది, కింది వాటికా?"

"సన్నాకులకే అక్కా."

జల్లెడైన బొటనవేలు ఓసారి చూసుకుని, తలుపు వేసేసింది.