మరబొమ్మకు మాటలందించిన రోజులు

మొన్న నంద్యాలలో కంటి ఆసుపత్రికి పోతే, చీటీ రాసే మనిషికి బదులు ఒక తెర పెట్టి ఉంది. అందులో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ నాకేం కావాలో మూడుసార్లు అడిగి, నేను చెప్పింది మూడుసార్లూ అర్థం కాలేదని మర్యాదగా క్షమాపణ చెప్పింది. విసుగెత్తి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మన వయసువాళ్లకు ఇలాంటి విసుగు కొత్తేం కాదు గానీ, ఉద్యోగ విరమణ చేసిన కొత్తలో నేనే ఇలాంటి బొమ్మ ఒకదానికి కొలువు చేసిన సంగతి గుర్తొచ్చింది.

నా దగ్గర తెలుగు చదువుకున్న శిష్యురాలు ఒకామె అప్పట్లో పరిశోధన చేస్తుండేది. పెద్దవాళ్లు సాటి మనిషితో మాట్లాడేటప్పుడు ఎలా ఉంటారు, మరమనిషితో అయితే ఎటు చూస్తారు, ఎంతసేపు ఆగుతారు, ఏం దాచుకుంటారు అన్నది ఆమె విషయం. ఆళ్లగడ్డలో చర్చి పక్కనున్న హాలు అడిగి తీసుకుని, మోకాలెత్తు తెల్లటి మరబొమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. దానికి సొంతంగా మాట్లాడే తెలివి లేదు. పక్క గదిలో ఒకరు తెర మీద చూస్తూ, ముందే నింపిన మాటల్లో తగినదాని మీట నొక్కితే అది పలుకుతుంది. ఎదుటివాళ్లు మాత్రం అదే మాట్లాడుతోందనుకోవాలి. అంతా అయ్యాక నిజం చెబుతారు. ఆ మీటల పని నాకు అప్పగించింది.

ముప్ఫై ఏళ్ల బడి కూడా నా ఓపికను అంతగా పరీక్షించలేదు. నేను శ్రద్ధగా రాసిన వాక్యాలన్నీ పుస్తకంలా ఉన్నాయని శిష్యురాలు కొట్టేసి, "అట్లనా", "ఇంకా చెప్పండి", "నాకర్థమైంది" లాంటివీ, తను అడగదలచిన ప్రశ్నలూ కలిపి ఒక పన్నెండు మిగిల్చింది. కరెంటు పోయినప్పుడల్లా బొమ్మ మెడ పక్కకు వాలిపోయేది. వచ్చిన ప్రతి పెద్దాయనా నీది ఏ ఊరని దాన్ని అడిగేవాడు; దానికి నా దగ్గర మీట లేదు. పాములపాడు నుంచి వచ్చిన ఒక రైతు, జవాబివ్వనందుకు దానికి పొగరని అలిగి వెళ్లిపోయాడు.

ఒకరోజు పొద్దున తెర మీద మా అక్క కనిపించింది. నా చేతికిచ్చే జాబితాలో పేర్లుండవు, అంకెలే. నేనక్కడున్నట్టు అక్కకూ తెలియదు. మాకు మాటల్లేక అప్పటికి నాలుగేళ్లు. నాయన మంచం పట్టిన ఏడాది ఆయన్ను ఎత్తి దించి కాచుకున్నది అక్క. నేను ఆదివారాలు నంద్యాల నుంచి వచ్చి చూసిపోయేవాణ్ణి. నాయన పోయిన రోజు నలుగురి ముందూ, మందులు వేళకు వేసి ఉంటే బతికేవాడేమో అన్నాను.

అప్పుడే లేచి శిష్యురాలితో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మాట్లాడాలనుకుని మాట్లాడలేకపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న వరుసలో ఉంటే, నొక్కాను. అక్క కొంగు సర్దుకుని, బొమ్మ కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"తమ్ముడుండాడు. నాయన పోయిన దినం ఒక మాటన్న్యాడు. నాయన మాత్ర మింగలేక ఉమ్మేస్తాంటే, నూరి నీళ్లల్లో కలిపి చెంచాతో పోసినా. నేను మందెయ్యకుండా ఉంటానా? నువ్వన్నా చెప్పప్పా."

"నాకర్థమైంది" మీద వేలు పెట్టి, నొక్కలేకపోయాను. బొమ్మ ఊరికే చూస్తోంది.

"నువ్వు గూడా పలకవా?" అంది అక్క.

తలుపు తీసుకుని హాల్లోకి వచ్చాను. అక్క నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"దానికి చెప్పుకున్యా, నీకు గాదు," అని సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

శిష్యురాలు ఆ పూట నమోదు చేసినదంతా తీసేసి, నన్ను రేపటి నుంచి రావద్దంది. ఆమె కోపం న్యాయమే. బొమ్మ మీదా, ఆ పన్నెండు మీటల మీదా కోపం తెచ్చుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను గానీ, ఆ కోపం తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది. వారం తటపటాయించి అక్క ఇంటికి పోయాను. వాకిట్లోనే నిలబడి తప్పు నాదేనన్నాను. కందులు చెరుగుతున్న చేట ఆగలేదు. చాలాసేపటికి, ఎండగా ఉంది లోపలికి రమ్మంది.

ఇప్పుడు అక్క రోజూ ఫోను చేస్తుంది. వాన సంగతి, మోకాళ్ల నొప్పి, ప్రార్థనకు ఎవరు రాలేదో, అన్నీ చెబుతుంది. నాయన మాట నేనెత్తితే మాత్రం మాట మార్చేస్తుంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చే దారంతా తన మనసులోనివన్నీ నాకే చెప్పేది. నేనే విసుక్కుని ముందు నడిచేవాణ్ణి. ఆ మాటలు వినాలని నాకు అనిపించేసరికి, నాకు చెప్పుకునే అలవాటు ఆమెకు పోయింది.