వరండాలో ఉన్నవాళ్ళే సభ్యులు

సుబేదార్ తాతయ్య పోయారని నిన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది.

శనివారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి, "రేపు కొత్త రిజిస్టర్ మొదలుపెడదామమ్మా, పెన్ను మాత్రం నువ్వు తెచ్చుకో" అన్న మనిషి. పెన్ను నా బ్యాగులో ఉంది. ఆయన లేరు.

నేను ఫోన్ పెట్టగానే మా అమ్మ అన్న మొదటి మాట: "పుణ్యాత్ముడు, బాధపడకుండా వెళ్ళిపోయారు. ఇక నీకూ ఆదివారాలు ఖాళీ. బ్యాంకు పరీక్షలకి చదువుకోవచ్చు."

ప్రేమగానే అంది. అందుకే ఎక్కువ తగిలింది.

డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, తోచక ముసలివాళ్ళ సంఘానికి వెళ్తోంది. రెండేళ్ళుగా మా ఇంట్లో నా గురించి ఇదే లెక్క. మా బాబాయి అయితే చుట్టాలు వస్తే చాలు, "మా అమ్మాయి మిలిటరీలో చేరిందండీ" అని నవ్విస్తారు.

తోచక వెళ్ళలేదు. జాలిపడీ వెళ్ళలేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. తాతయ్య అంటున్నా, వెంకటరత్నం గారు మాకు చుట్టం కాదు. తాడేపల్లిగూడెంలో మా వీధి చివరి ఇల్లు. ఆర్మీలో సుబేదార్‌గా రిటైరై, ఇక్కడి మాజీ సైనికుల సంఘానికి కార్యదర్శి అయ్యారు. సంఘం అంటే ఒక గది, దాని ముందు పొడుగాటి వరండా. ఒక షావుకారు గారు వాడుకోమని ఇచ్చినవి.

ఆయన నన్ను మొదటిసారి పిలిచింది నా ఫోన్ కోసం. పెన్షన్ ఆగకూడదంటే ఏటా నవంబరులో బతికే ఉన్నామని చూపించాలి. ఇప్పుడది ఫోన్‌లో ముఖం చూపించినా అయిపోతుంది. "రెప్ప వెయ్యండి" అంటుంది ఆ యాప్. రెప్ప వేస్తేనే మనిషి ఉన్నట్టు.

తాతయ్య లేచి, చొక్కా సర్దుకుని, అటెన్షన్‌లో నిలబడ్డారు. రెప్ప వెయ్యరు!

"రెప్ప వెయ్యండి తాతయ్యా."

"ఫొటోకి రెప్ప వేస్తారా ఎవరైనా? మా ఆఫీసర్ చూస్తే ఏవంటాడు?"

ఏడుసార్లు ఫెయిల్ అయింది. ఎనిమిదోసారి నేను నవ్వాపుకోలేకపోతే ఆయనా నవ్వేశారు. అప్పుడు పడింది రెప్ప.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వెళ్ళాను.

గదిలో నలభై కుర్చీలు. ర్యాంకు ప్రకారం వరసలు. వచ్చేది ఆరుగురు. ప్రతి నెలా చర్చ మాత్రం ఒకటే: సభ్యత్వం ఎలా పెంచాలి? ఒకరు కొత్త బ్యానర్ అంటారు, ఒకరు భోజనాలు అంటారు. కొత్తగా రిటైరైన వాళ్ళు వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఎందుకు వస్తారు? వస్తే వెనక వరసలో కూర్చుని పెద్దల మాటలు వినడమేగా.

అదే సమయానికి బయట వరండా నిండుగా ఉండేది. చనిపోయిన సభ్యుల భార్యలు. ఉండి ఊరి నుంచి, దెందులూరు నుంచి, కొల్లేరు లంకల నుంచి, ప్లాస్టిక్ కవర్లలో పెన్షన్ కాగితాలతో.

ఒకసారి ఉండబట్టలేక అనేశాను. "లోపల మనుషుల్లేరని బాధపడుతున్నారు. బయట ఇంతమంది ఉన్నారు కదా తాతయ్యా."

"వాళ్ళు సభ్యులు కారమ్మా. యూనిఫాం వేసినవాళ్ళకే సభ్యత్వం."

మూడు వారాలు నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

తర్వాతి నవంబరులో, కొల్లేరు లంక నుంచి వరండాకి వచ్చే నాగరత్నమ్మ గారు రాలేదు. కొల్లేరు పొంగి వాళ్ళ ఊరి రోడ్డు మునిగింది. "మనమే వెళ్దాం" అన్నారు తాతయ్య. పడవలో వెళ్ళాం. ఆవిడ చక్కగా రెప్ప వేశారు, ఒక్కసారికే అయిపోయింది.

సంఘం పుస్తకంలో రాయడానికి తాతయ్య ఆవిడ భర్త ఆర్మీ నంబరు అడిగారు. కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆవిడ చేపలు కడుగుతున్న చెయ్యి ఆపకుండా, నంబరు మొత్తం గడగడా చెప్పేశారు.

తాతయ్య పెన్ను ఆగిపోయింది. "ఎలా గుర్తుందమ్మా?"

"ఉత్తరం మీద అది తప్పితే ఆయనకి చేరదు కదండీ. పద్దెనిమిదేళ్ళు రాశాను. ఆ నంబరు రాయడానికే అక్షరాలు నేర్చుకున్నానండీ."

తిరుగు పడవ ఒడ్డుకి చేరాక తాతయ్య, "మా ఆవిడా రాసేది" అన్నారు.

తర్వాతి ఆదివారం వాళ్ళందరినీ లోపలికి రమ్మన్నారు. "ఇక్కడే బాగుందండీ" అని కదల్లేదు వాళ్ళు. అయితే మీటింగే బయటికి వస్తుందని, ఆయనే కుర్చీలు మోసుకొచ్చారు. వరండాలో వరసలు కుదరవు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, అంతే.

"ఇది మీటింగా, పేరంటమా సుబేదార్ గారూ?" అన్నారొక పెద్దాయన.

"పేరంటమే అనుకోండి. ఇంటికెళ్ళి పిలిస్తే వస్తారు కదండీ. మనం ఎప్పుడైనా పిలిచామా?"

నాకు దొరికిన జవాబు అదే. బ్యానర్ కాదు, గడప దగ్గరికి వెళ్ళి పిలవడం. వచ్చినవాళ్ళకి ముందు వెనకా లేని చోటు చూపించడం. పని ఉన్నచోటికి మనుషులు వస్తారు. ఆ పని వరండాలోనే జరిగేది.

ఆయనా నేనూ కలిసి పిలుపులకి తిరిగాం. కొత్తగా రిటైరైన వాళ్ళు నలుగురు వచ్చారు, వాళ్ళలో ఇద్దరైతే భార్యల్ని కూడా వెంటబెట్టుకుని. కానీ షావుకారు గారు, నెలాఖరులోగా సంఘంలో సభ్యులు పెరగకపోతే గది గోడౌనుకి ఇచ్చేస్తానన్నారు. అందుకే, వరండాలో వాళ్ళనీ సభ్యులుగా చేర్చుకుంటూ నిన్న కొత్త రిజిస్టర్ మొదలుపెట్టాలనుకున్నాం. మొదటి పేరు నాగరత్నమ్మ గారిది.

నిన్న ఆవిడ పడవ, బస్సు, ఆటో మారి వచ్చారు. తాతయ్య కాళ్ళ దగ్గర నిలబడి, "నా పేరు రాశారాండీ?" అని నన్ను నెమ్మదిగా అడిగారు.

తాతయ్య వాళ్ళబ్బాయి రిజిస్టరూ, సంఘం గది తాళంచెవీ నా చేతిలో పెట్టారు.

తాతయ్యా, ఇక రెప్ప వెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనరు. ప్రశాంతంగా పడుకోండి.

ఈ ఏడాది పరీక్ష రాయను. ఆదివారం పదింటికి తాళం నేను తీస్తాను.