పద్నాలుగో లైను, కుడి కిటికీ

2014 సెప్టెంబరు 22: పద్నాలుగో లైనులో కుడివైపున నేను చేసిన పదకొండు నిమిషాల పరిశీలనను ‘పరిశీలన జరగలేదు’ అన్న కోడ్ కిందికి మార్చారు. నాకు తెలియజేయలేదు; ఈ తేదీని తరవాత ఫైలులో చూసి రాసుకున్నాను.

2014 నవంబరు 6: ఆ ఖాళీని ఇరుగుపొరుగు లైన్ల సగటుతో పూరించి వార్షిక నివేదిక వెలువరించారు.

2015 జనవరి 15: సరిదిద్దమని నేను రాసిన మొదటి లేఖ. జవాబు రాలేదు.

2015 మార్చి 3: రెండో లేఖ. అందిందని ఫోనులో చెప్పారు. రాసి ఇమ్మంటే, ఇంత చిన్న విషయానికి కాగితం దేనికన్నారు.

2019 ఆగస్టు 30: నా పదవీ విరమణ సభలో అదే నివేదిక ముఖచిత్రాన్ని ఫ్రేము కట్టించి నాకు బహూకరించారు.

ఈ తేదీలన్నీ నా డైరీల్లోనివి. వీటి వెనక ఉన్న పనిని వివరించకపోతే ఫిర్యాదు అర్థం కాదు కనుక మొదటినుంచీ చెబుతాను.

2014 మే చివరి వారంలో, అలాస్కా ఉత్తర తీరపు టండ్రాలో గుడ్లు పెట్టే నీటిపక్షులను విమానం నుంచి లెక్కించే సర్వేకు నన్ను కుడి సీటు పరిశీలకుడిగా నియమించారు. నాకది తొమ్మిదో సీజను. చెట్టన్నది కనిపించని ఆ నేల మీద మ్యాపులో సరళరేఖలు గీస్తారు. వాటినే లైన్లు అంటాం. నూట యాభై అడుగులకు మించని ఎత్తులో, ఒకే వేగంతో చిన్న విమానం లైను పొడవునా ఎగురుతుంది. పైలట్ కూడా జీవశాస్త్రవేత్తే. ఎడమవైపు రెండు వందల మీటర్ల పట్టీ అతనిది, కుడివైపు అంతే వెడల్పు నాది. పట్టీ అంచు తెలియడానికి రెక్క కింది కడ్డీ మీద ఒక గుర్తు, కిటికీ అద్దం మీద ఒక గుర్తు ఉంటాయి. పక్షి కనబడగానే జాతి పేరు, ఒంటరో జంటో గుంపో మైకులో చెప్పాలి. మాట పలికిన క్షణమూ స్థలమూ వాటంతటవే నమోదవుతాయి. పక్షి లేకపోతే మాట్లాడకూడదు. అప్పటి నిబంధన అది.

మరో నిబంధన కూడా పాఠకులు తెలుసుకోవాలి. ఒంటరి మగ ఈడర్ బాతు కనబడితే లెక్కలో రెండు వేస్తాం. ఆ రోజుల్లో ఆడది గూటిలో గుడ్లమీద ఉంటుంది. గడ్డి రంగులో కలిసిపోయే దాన్ని పైనుంచి ఎవరూ చూడలేరు. చూడకపోయినా ఉన్నట్టే లెక్క.

ఇద్దరు మనుషులు మూరెడు దూరంలో కూర్చుని, రోజుకు ఆరేడు గంటలు చెరో దిక్కుకు ముఖం తిప్పుకుని చేసే పని ఇది. మా బస పాత ఎయిర్‌స్ట్రిప్ పక్కన ప్లైవుడ్ గది. సూర్యుడు అస్తమించడు. శాటిలైట్ ఫోనులో, షామ్‌బర్గ్ ఊళ్ళో మా ఇంట్లో ఉన్న నా భార్య సరళతో వారానికి రెండుసార్లు మాట్లాడేవాణ్ణి. “ఇవాళ ఎంతమంది వచ్చారండీ మీ బాతులు?” అని అడిగేది. సంఖ్య చెప్పేవాణ్ణి. “నాకు మాత్రం ఎవరూ రాలేదు” అనేది. ఆ తరవాత ఫోను పెట్టేసేవాళ్ళం. ప్రతి కాల్ నిడివినీ డైరీలో రాసుకున్నాను. ఐదు వారాల్లో నేను తెలుగు మాట్లాడింది నలభై ఒక్క నిమిషాలు.

పైలట్ వేన్ మంచి హాస్యగాడు. నా మౌనాన్ని భరించలేక, నా బదులు పెట్రోలు డబ్బాను పక్కన కూర్చోబెట్టుకున్నా ఇంతకంటే కబుర్లు చెబుతుందనేవాడు. అలాంటివాడే నా మౌనానికి కొంతవరకు కారకుడు కూడా. నాకు ఈ పని నేర్పిన పాత పైలట్, పక్షులు లేని చోట నిమిషానికోసారి ‘చూస్తున్నాను’ అని మైకులో చెప్పమనేవాడు. అది సూచనల పుస్తకంలో లేదు, ఆయన సొంత అలవాటు. నేను ఎనిమిది సీజన్లు పాటించాను. ఆ ఏడు వేన్, తన ధ్యాస చెదురుతోందని, మానేయమని కోరాడు. మానేశాను. ఆ తప్పు నాది. రాసి ఒప్పుకుంటున్నాను.

జూన్ 13న పద్నాలుగో లైను ఎగిరాం. ఆ ఏడు వసంతం ఆలస్యమైంది. లైను కొంత మేర ఒక నదికి సమాంతరంగా సాగుతుంది. ఎడమవైపు నది పొంగి నేల తడిసింది కనుక వేన్ ఆగకుండా పక్షుల పేర్లు చెబుతూనే ఉన్నాడు. నా వైపు చెరువులన్నీ ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. బూడిదరంగు మంచు, దాని చుట్టూ నిరుటి గడ్డి, మళ్ళీ మంచు. చెవిలో అతని గొంతు, నా కంటిముందు ఏమీ లేదు. రెప్పవేయడానికి కూడా భయపడుతూ పదకొండు నిమిషాలు చూశాను. ఆ తరవాత ఒక చెరువు అంచున కరిగిన నీటిలో ఒక మగ ఈడర్ కనబడింది. ‘ఈడర్, ఒంటరి’ అన్నాను.

నవంబరులో నివేదిక చదివినప్పుడు ఆ గడ్డకట్టిన చెరువుల మీద పక్షులున్నాయి. నా పేరులోని పొడి అక్షరాల పక్కన ‘పరిశీలన జరగలేదు’ అని ఉంది.

గణాంకాలు చూసే స్ఫూర్తి ఈ దేశంలోనే, ఎడిసన్ ఊళ్ళో పుట్టి పెరిగిన అమ్మాయి. మా ఆఫీసులో నేను కాక తెలుగు తెలిసినది ఆమె ఒక్కతే. ఆమె గదికి వెళ్ళి అడిగాను.

“అంకుల్, ఆడియో నేను టూ టైమ్స్ విన్నాను. ఇంజిన్ సౌండ్ తప్ప ఏం లేదు. మీరు చూసారు అని నాకు ఎలా తెలుస్తుంది?”

పక్షి లేకపోతే మాట్లాడకూడదన్నది రూలు కదమ్మా అన్నాను.

“అంటే మీరు చూసినా సైలెన్స్, నిద్రపోయినా సైలెన్స్. ఫైల్‌లో రెండూ సేమ్ కదా అంకుల్.”

“ఆ తరవాత నేను చెప్పిన ఒంటరి ఈడర్‌ని ఎన్నిగా వేశావు?”

“టూ. ఫిమేల్ నెస్ట్ మీద ఉంటుంది కదా. స్టాండర్డ్ అది.”

“ఆ ఆడపక్షిని ఎవరు చూశారు?”

ఆమె కుర్చీ నావైపు తిప్పింది. “మీ పాయింట్ ఫెయిర్ అంకుల్. కానీ కోడ్ మార్చాలంటే వేన్ సైన్ చేయాలి. నేను చేస్తే అవ్వదు. సారీ.”

వేన్‌ను హ్యాంగర్‌లో కలిశాను. అతను అబద్ధమాడే మనిషి కాడు. నేను మెలకువగా ఉన్నానని రాసివ్వగలనన్నాడు, ఏం చూశానో మాత్రం రాయలేనన్నాడు. తాను నా వైపు తిరిగి చూసి ఉంటే ఆ సమయంలో తన బాతుల్ని ఎవరు లెక్కపెట్టేవారని అడిగాడు. అతను రాసిచ్చిన ఒక్క వాక్యం సరిపోదని విభాగాధిపతి తేల్చారు. నేను చూసినదానికి ఈ భూమ్మీద మరో సాక్షి లేడని ఆ రోజు నాకు స్పష్టమైంది.

తరవాతి సీజను నుంచి, ఎవరు విసుక్కున్నా, పక్షులు లేని ప్రతి నిమిషానికీ ‘లేవు’ అని మైకులో చెప్పాను. రెండేళ్ళకు స్ఫూర్తి ఆ పద్ధతిని సూచనల పుస్తకంలో చేర్పించింది. ముసాయిదా నాకు చూపించి, “ఇది మీ రూల్ అంకుల్, కానీ పేరు పెట్టనివ్వలేదు” అంది. పేరు నాకు అక్కర్లేదు. కొత్త నిబంధన అవసరమైందంటే పాత నిబంధనలో లోపం ఉందని కార్యాలయం ఒప్పుకున్నట్టే. ఆ లోపానికి బలైన నమోదు మాత్రం నేటికీ అలాగే ఉంది.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఇది. పక్షి కనబడితే దానికి పక్షే సాక్ష్యం. కనబడకపోతే చూసినవాడి మాట తప్ప వేరే సాక్ష్యం ఉండదు కనుక, లేమిని చూసినవాడు అప్పటికప్పుడే నోరు విప్పి చెప్పాలి. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే.

సర్వే విభాగాధిపతికి ఈ వ్యాసాన్ని, దీని ఇంగ్లీషు ప్రతిని జతచేసి నా మూడో లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. నా అభ్యర్థన ఒక్కటే. 2014 సర్వే, పద్నాలుగో లైను, కుడివైపు పదకొండు నిమిషాలకు ‘పరిశీలన జరిగింది, పక్షులు లేవు’ అని నమోదు చేయాలి. అలా చేయడం సాధ్యం కాదనుకుంటే అందుకు కారణాన్ని తేదీ వేసి, సంతకం చేసి, లేఖ అందిన ముప్ఫై రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఫోనులో చెప్పిన జవాబును జవాబుగా స్వీకరించను.