కుళ్లాయప్ప కాలిలో నెత్తురు చప్పుడు

"ఏమప్పా, నువ్వు గొర్రెల్ని మేపుతాండావా, గొర్రెలు నిన్ను మేపుతాండాయా?"

మంద యజమాని బయ్యన్న అందరి ముందూ ఇట్లా అంటుంటే కుళ్లాయప్ప తల వంచుకునేవాడు. బత్తలపల్లె బీళ్లలో మంద వెంట కొంత దూరం నడిస్తే చాలు, పిక్క పట్టేసేది. నిలబడితే వదిలేది. నిలబడ్డప్పుడల్లా ఒక బీడీ. ఆగితే తగ్గే నొప్పి నొప్పే కాదన్నారు, సోమరితనమన్నారు. చివరికి బయ్యన్న మందను వేరేవాళ్లకు అప్పగించి, ఇతన్ని దొడ్డిలో పెంట ఎత్తే పనికి పెట్టాడు.

తర్వాత కాలివేలి మీద పుండు లేచింది, మానలేదు. కుంటే గొర్రెకు వాత పెట్టినట్టే మనిషికీ పెట్టడం ఆ కాపరుల ఇళ్లలో వాడుక. భార్య మారెక్క పొయ్యిలో కొడవలి కాల్చింది.

అప్పుడే ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చిన ఆశా కార్యకర్త హేమావతి అతని రెండు పాదాలూ పట్టి చూసింది.

"మారెక్కా, కొడవలి పక్కన పెట్టు. ఈ కాలికి నెత్తురే అందల్యా. వాత పెడితే కాలే పోతాది."

"మా నాయనకు పెడితే తగ్గిపాయ గదమ్మా!"

"మీ నాయన కాలు ఇంత చల్లగా ఉండెనా? నువ్వే పట్టి చూడు."

మారెక్క పట్టి చూసింది. కొడవలిని నీళ్లలో ముంచింది.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు పెన్నులాంటి పరికరాన్ని గజ్జల్లో ఆనించింది. పక్కనున్న చిన్న పెట్టెలోంచి ధభ్ ధభ్‌మని చప్పుడు. "నీ నెత్తురు పారే చప్పుడే," అంది. పాదం మీద పెడితే ఏమీ లేదు.

"రక్తనాళం పూడిపోయింది, తోటల్లో నీళ్ల డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టినట్టు. బీడీలు దాన్ని ఇంకా ఎక్కువ చేసినాయి."

"కాలు దక్కుతాదా తల్లీ?" అన్నాడు కుళ్లాయప్ప.

"ప్రయత్నం చేస్తాం. మాట ఇవ్వలేను."

తొడ దగ్గరి నాళంలోంచి సన్నని తీగ పంపి, దాని కొసనున్న బుడగ ఊది, దారి తెరిచారు. మర్నాడు అదే పరికరం పాదం మీద పెట్టారు. ధభ్. ధభ్. ధభ్.

మారెక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మనిషి లోపల ఇట్లా పారుతాదా! ఇన్నేండ్లు మనకు తెలీకపాయ గదా!"

"ఊరకుండమ్మే, నన్ను విననీ," అన్నాడు కుళ్లాయప్ప, కళ్లు మూసుకుని.

పుండుపట్టిన వేలు తీసేయాల్సి వచ్చింది. కాలు నిలిచింది. బీడీ మానేశాడు.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయేవాళ్లు మీ వీధిలోనూ ఉంటారు. ఎగతాళి చేయకండి. చెప్పులు విప్పించి పాదాలు తాకి చూడండి. ఒకటి చల్లగా ఉన్నా, పుండు మానకపోయినా, వాతల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. పొగ తాగేవాళ్లయితే, షుగరుంటే, ఇంకా తొందరపడండి. అక్కడ కాలి నాడి కూడా చూడమని గట్టిగా అడగండి.