పై పంచమం ఎక్కని తీగ

మొన్న తగరపువలసలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు మేనల్లుడు ఫోన్ తెర మీద వేలు జరుపుతూ వీణ తీగ మీటినట్టు స్వరాలు వాయించాడు. తీగ పై షడ్జం దాటి పంచమం దాకా నునుపుగా ఎక్కేసరికి నాకు ముచ్చట వేయాల్సింది పోయి అనుమానం వేసింది. లోపల మూట ఎంతరా అని అడిగితే వాడు నవ్వేసి, "ఏ మూట మావయ్యా? నొక్కితే మోగతాది, అంతే" అన్నాడు. పక్కన పడక్కుర్చీలో కూర్చున్న బావ, అదే మా అక్క భర్త, కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన రోజులు మన ఈడువాళ్ళు మరిచిపోయి ఉండరు. అప్పట్లో బావ మైకుసెట్ల వ్యాపారం మానుకుని పూర్ణా మార్కెట్ సందులో ఒక మేడ మీద చిన్న రికార్డింగు గది పెట్టాడు. పోర్టులో ఖనిజం దింపే యంత్రాల పక్కన పనిచేస్తున్న నన్ను, అక్క పోరు పడలేక, అక్కడ పనిలో పెట్టుకున్నాడు గాని, ఆ రొదలో నా చెవులు మొద్దుబారి ఉంటాయన్న అనుమానం ఆయన్ని వదల్లేదు. చెవి పనికిరాదని తేలితే మళ్ళీ ఆ ఎర్రదుమ్ములోకే పోవాలని నాకు తెలుసు, అందుకే ప్రతి శబ్దాన్నీ భయంభయంగా వినేవాణ్ణి.

హరికథలకు వీణ నాదం కావాలని, తెర మీద గళ్ళు పెట్టి వాటిని గీతలతో కలిపి శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేరులో కూర్చున్నాం. పద్ధతి తేలికే. చిన్న బుస్సుమనే శబ్దాన్ని పంపి, కాస్త ఆలస్యం చేసి, మెత్తబరిచి, మళ్ళీ మొదటికే తిప్పి పంపితే అది తీగలా మోగుతుంది. ఆలస్యం ఎంత తగ్గితే స్వరం అంత పైకి పోతుంది. అయితే వెనక్కి తిప్పడమంటేనే బావకి గుండె దడ. పందిళ్ళలో స్పీకరు శబ్దం తిరిగి మైకులోకే దూరి పెట్టే కూతతో జీవితమంతా పోట్లాడిన మనిషి కదా, నేను ఆ గీత కలిపినప్పుడల్లా స్పీకర్లు ఆపే మీట మీద చెయ్యి పెట్టేవాడు.

కింది స్వరాలు కమ్మగా పలికాయి. పై గాంధారం దాకా వచ్చింది, మధ్యమం దగ్గర బైఠాయించింది. ఆ పైన పంచమం అడిగినా, ధైవతం అడిగినా అదే పలుకు. నేను ఎక్కలేదన్నాను. తెర మీద అంకె మాత్రం మేమడిగినంతా చూపిస్తోంది.

"నీ సెవుల్లో ఇంకా పోర్టే మోగతంది బామ్మర్దీ. నంబరు సరిగ్గానే ఉంది కదేటి!" అన్నాడు బావ. నేను హార్మోనియం తెచ్చి పంచమం నొక్కి చూపిస్తే, ఉప్పుగాలికి దాని రీడ్లు తుప్పు పట్టాయన్నాడు. కంప్యూటరు అమ్మినవాణ్ణి అనుమానించాడు, స్పీకర్లను అనుమానించాడు, చివరికి అన్నం క్యారేజీ తెచ్చిన అక్క పాడి చూపించి నా మాటే నిజమంటే, తమ్ముడని వెనకేసుకొస్తోందని ఆమెనీ అనుమానించాడు. అక్క ఆ పూట అన్నం వడ్డించకుండానే వెళ్ళిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అయినా ఎప్పుడూ అదే చోట ఆగడమేమిటని నాకూ అనుమానం పట్టుకుంది. వచ్చీరాని ఇంగ్లీషుతో సాఫ్ట్‌వేరు సహాయం పేజీలు కూడబలుక్కుని చదివితే తెలిసింది: కంప్యూటరు శబ్దాన్ని చుక్కలుగా కోస్తుంది గాని ఒక్కో చుక్కా పంపదు, అరవై నాలుగు చుక్కలు మూట కట్టి పంపుతుంది. పోర్టులో వ్యాగన్ మొత్తం నిండితే తప్ప కదిలేది కాదు, ఇదీ అంతే. తిప్పి పంపిన శబ్దం ఒక మూట నిండేదాకా వెనక్కి రాదు, అంకె ఏం చూపించినా సరే. అందుకని ఆ తిరిగే గళ్ళు మాత్రమే వేరే చిన్న అరలో పెట్టి, అక్కడ మూటకి ఒక్కటే చుక్క అని రాశాను. కంప్యూటరు ఆయాసపడింది, ఫ్యాను గురగురలాడింది, పంచమం మాత్రం గంటలా పలికింది.

బావ హెడ్‌ఫోన్లు తీసి నా మెడలో వేసి, "ఇంక నువ్వే ఇను. నాను ఇనను" అన్నాడు. సిగ్గులేకుండా ఏడ్చేశాను.

ఇప్పుడు మేనల్లుడి ఫోనులో గళ్ళూ లేవు, గీతలూ లేవు, తప్పు మోగితే ఎక్కడ వెతకాలో తెలియదు, వెతికే అవసరమూ ఎవరికీ లేదు. పై పంచమం ఎలా ఉంది బావా అని చెవి దగ్గర గట్టిగా అడిగితే బాగుందన్నాడు. మేనల్లుడు వాయించడం ఆపి ఫోను జేబులో పెట్టుకున్నాడు. బావ తల మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

అక్క నా వంక చూసింది. నీ చెవులు పనికిరావని ఆయన ఇంకొక్కసారి నన్ను తిడితే బాగుండుననిపించింది.