మోచేతి లోతు పదును

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కాను. పక్క సీటులో నలభై ఏళ్ల రైతు మహిళ ఒడిలో శనగ విత్తనాల సంచి పెట్టుకుని కూర్చుంది. వెనక సీటులోని పెద్దాయన ఆమె ఊరివాడే. దారి పొడుగునా ఆమెను ఎత్తిపొడుస్తున్నాడు.

"ఏం మే, పంచాంగంలో రేపటితో చిత్త కార్తె అయిపాయ. ఊరంతా విత్తనమేసినాం. నువ్వింకా సంచి కౌగిలించుకుని తిరుగుతాండావే?"

"వాన పైపైనే పడింది మామా. చేను తవ్వి చెయ్యి పెట్టి చూసినా. మోచేతి లోతుకు పదును దిగల్యా. ఇప్పుడేస్తే మొలిచి ఎండుతాది. నాకుండేది ఈ ఒక్క సంచే."

"నీ మొగుని నాయన బతికినన్నాళ్లూ చిత్తలోనే ఏసినాడు గదా?"

"ఆయప్ప కాలంలో వాన చెప్పినట్టు వచ్చేది. నేను కాపురానికొచ్చిన కాడ్నుంచి వాన పడిన దినమల్లా గోడ మీద బొగ్గుతో గీస్తాండా. ఏ రెండేండ్లూ ఒక్క తీరుగా లేవు."

"గోడ చూసి సేద్యం చేసే ఆడదాన్ని నిన్నే చూసినా."

మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను నోరు తెరవబోయి ఆగాను. ఆమెకు నా సాయం అక్కర్లేదు. "ఈసారి మీ లెక్క తప్పితే?" అని మాత్రం అడిగాను.

"తప్పితే తప్పిందని ఊరందరి ముందరా ఒప్పుకుంటా, అన్నా. పంచాంగం ఒక్క తూరన్నా ఒప్పుకునిందా?"

జమ్మలమడుగులో ఆమె సంచి చంకనెత్తుకుని దిగిపోయింది.

ఆమె పంట ఏమైందో నాకు తెలియదు. పంచాంగం చేతబట్టుకుని నాతో వాదానికి వచ్చేవాళ్లను మాత్రం నేనిప్పుడు ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను.