చేదు నీళ్ల గాజుతొట్టి

మా మనవరాలు చేపలు పెంచుతానని పట్టుబడితే మొన్న సికింద్రాబాదు కార్ఖానా పేటలో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. గుండ్రటి గిన్నె చాలంటాను నేను, పొడుగాటి తొట్టే కావాలంటుంది అది. ఎటూ తేలక, మా అటక మీద నాన్నగారు కొన్న పాత గాజుతొట్టి ఉంది, దాన్నే దించుదామా అన్నాను. దుకాణం యజమాని వెంటనే అందుకున్నాడు. "పాతదైతే జెర పైలం అమ్మా. ఉత్త నీళ్లతోనే కడుగుండ్రి. బ్లీచింగ్ పౌడర్ గిట్ల ఏసిండ్రనుకో, ఎంత కడిగినా అంచుల్ల ఉంటది, చేపలన్నీ సస్తయ్." అతను మామూలుగానే చెప్పాడు. నేనే పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను.

నలభై ఎనిమిది వానాకాలం, నిజాం మీద పోలీసు చర్యకు కొద్దిరోజుల ముందు. నాకు ఎనిమిదేళ్లు. బందరు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డాం మేము. నాన్నగారు మిషన్ బళ్లో మాస్టారు, అమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. అమ్మకు దేవుడి తర్వాత నమ్మకం బ్లీచింగ్ పౌడరు మీదే. మా ఇంట్లో గడపలకూ, గిన్నెలకూ, చివరికి క్రిస్మస్‌కు వచ్చినవాళ్లకిచ్చే టీ కప్పులకూ అదే వాసన. చుట్టాలు మొహమాటానికి ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, కబుర్లు పొడిగించేవారు. ఆ రోజుల్లోనే కార్ఖానా దగ్గర బంగళాలో ఒక ఇంగ్లీషు దొర కుటుంబం సామాన్లమ్ముకుని సీమకు వెళ్లిపోతుంటే నాన్నగారు నన్ను వెంటపెట్టుకెళ్లారు, అమ్మ కూడా వచ్చింది. అక్కడ ఒక గుండ్రటి గాజు గిన్నె, ఒక ఇనుప చట్రం తొట్టి, నాలుగు ఎర్ర చేపలు ఉన్నాయి. అప్పటికే రజాకార్ల భయంతో మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. బెజవాడ రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. అమ్మ గిన్నె వైపే చూసింది. "రేపు ఉన్నపళంగా బయల్దేరాల్సొస్తే అది ఒళ్లో పెట్టుకోవచ్చండీ" అంది. నాన్నగారు తొట్టిని ఎత్తి చూసి, "ఇది కొంటే ఎక్కడికీ వెళ్లలేం. అందుకే కొంటున్నాను" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. అమ్మ దారిపొడుగునా మాకు నాలుగడుగులు వెనకే నడిచింది.

ఎవరింటిదో తొట్టి అని అమ్మ సాయంత్రమంతా కూర్చుని దాన్ని తోమింది, దేనితోనో చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున భిస్తీ తాత బావి నీళ్లు తెచ్చి అందులో పోశాడు. తోలుతిత్తి భుజానేసుకుని మా వీధి మొత్తానికీ నీళ్లు మోసే ముసలి సాయిబు. నన్ను చూస్తే తిత్తి మూతి కొంచెం వదిలి నా పాదాలు తడిపి నవ్వేవాడు. చేపల్ని వదిలాం. మధ్యాహ్నానికల్లా నాలుగూ వెల్లకిలా తేలాయి. ఎదురింటి వడ్రంగి పెద్దయ్య వచ్చి తొంగి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. "సారూ, బావులల్ల విషం కలుపుతున్నరని మోండా మార్కెట్ల అంత ఒకటే మాట. నేనే నమ్మలే. గిదేందీ మరి? నీళ్లు మోసెటోడు ఎవ్వరు? రజాకార్లతోని ఏమన్న ఉన్నదేమో, ఎవరికెరుక?" అన్నాడు. పావుగంటలో వీధిలో మిగిలిన జనమంతా మా వరండాలో ఉన్నారు. ఎవరింట్లోనూ ఆ పూట పొయ్యి వెలగలేదు. కుండల్లో నీళ్లన్నీ మోరీలో పారబోశారు.

భిస్తీ తాతను పిలిపించారు. ఆయన తొట్టినీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. "నా మనవలు సుత గీ బావి నీళ్లే తాగుతరు సార్" అన్నాడు.  ఆయన కిటికీలోని గ్లాసు తీసి, చచ్చిన చేపల్ని వేలితో పక్కకు జరిపి, ఆ తొట్టి నీళ్లే ముంచుకుని గటగటా తాగేశాడు. గ్లాసు దించాక ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. "నీళ్లు జెర చేదున్నయి సార్" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన పని అయిపోయింది. చేదంటే విషమే అన్నారు, విరుగుడు తెలుసు కాబట్టే తాగాడన్నారు. నాన్నగారు నేల చూస్తూ, "రేపట్నుంచి నీళ్లు మేమే తెచ్చుకుంటాం తాతా" అన్నారు. అమ్మ తలుపు వెనక తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. తాత ఖాళీ తిత్తి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఈసారి నా పాదాల వైపు చూడలేదు. వారం తిరక్కుండానే ఇండియా మిలిటరీ లారీలు వచ్చాయి. నాన్నగారు ఆయన్ని వెతుక్కుంటూ అల్వాల్ వెళ్తే గుడిసెకు తలుపే లేదట. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు ఉన్నా, మేం గట్టిగా అడగలేదు.

స్టూలు మీద కూర్చున్న నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ రోజు తర్వాత మా ఇంట్లో టీ కప్పులకు ఆ వాసన రాలేదు. అమ్మ ఆస్పత్రి నుంచి ఆ పొడి మళ్లీ ఇంటికి తేలేదు. చుట్టాలు కప్పులు ఖాళీ చేసేవారు, మేం సంతోషించాం. అమ్మకు తెలుసు. ఆ తలుపు వెనకే తెలిసింది. భయపడి నోరు మెదపలేదు, ఆ తర్వాత నలభై ఏళ్లు మెదపలేకపోయింది. నాకు అమ్మ మీద కోపమొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మనవరాలు కంగారుపడి, గుండ్రటిదే కొందాంలే అంది.

గుండ్రటిదే కొన్నాం. ఇంటికొచ్చాక మాత్రం అటక మీది తొట్టిని దింపించి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. ఇన్నేళ్లకు గాజుకు పట్టింది పోయింది గాని, ఆ ముసలాయన నాలుక మీది చేదు మేమింకా కడగలేదు.